దంతవైద్యుడి ఒంటె

మాస్టారిలో ఒక సుగుణం ఉంది. అది సుగుణమేనని ఆయన గట్టి నమ్మకం. ఏదైనా అడగడానికి వచ్చినవాళ్లను ఆయన వట్టి చేతులతో పంపడు. పోస్టాఫీసుకు దారి అడిగినా, ఎదురింటి కుక్క ఏ జాతిదని అడిగినా, మెడ పట్టేస్తే ఏం చేయాలని అడిగినా, ఏదో ఒకటి చెప్పే పంపుతాడు. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లివ్వడం మర్యాద అయితే, ప్రశ్న పట్టుకొచ్చిన మనిషికి జవాబివ్వడం అంతకంటే పెద్ద మర్యాద కదా. ఆ జవాబు పట్టుకుని వెళ్లి ఎవరైనా దారి తప్పితే అది వాళ్ల నడకలో లోపం. "నాకు తెలియదు" అనే మాట నలభై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. పొదుపరితనమని కొందరు దేన్ని గురించో గొప్పగా చెప్పుకుంటారు. ఈయన ఈ ఒక్క మాటలో పొదుపు పాటించాడు.

సాయంకాలం నడిచే లా కాలేజీలో ఆయన పదకొండేళ్లుగా కాంట్రాక్టు చట్టం చెబుతున్నాడు. ఉద్యోగం కూడా కాంట్రాక్టే. ఏడాదికోసారి ప్రిన్సిపాల్ ఒక కాగితం మీద సంతకం పెడితే ఇంకో ఏడాది ముందుకు సాగుతుంది. ఈ ఏడాది ప్రిన్సిపాల్ ఆయన్ని గదిలోకి పిలిచి, కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు. కిటికీ వైపు చూశాడంటే కబురు మంచిది కాదని స్టాఫ్ రూంలో అందరికీ తెలుసు.

"పీజీ లేనివాళ్లతో పాఠం చెప్పించకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది మాస్టారూ. కనీసం సీటు తెచ్చుకుని చదువుతున్నట్టు చూపిస్తే మిమ్మల్ని నేను ఉంచుకోగలను. ఈసారి ఎంట్రన్సు రాయండి."

"మూడుసార్లు రాశాను కదండీ."

"రాశారు. ఈసారి సీటు తెచ్చుకోండి. వచ్చే ఏడాది నేను అడగడానికి మీరిక్కడ ఉండరు."

అందుకని మాస్టారు చదవడం మొదలుపెట్టాడు. చదువు అనేసరికి ఆయనకు ముందు గుర్తొచ్చింది బోను.

ఆ బోను కథ చిన్నదే. కోర్టు పాత భవనం ఖాళీ చేసి కొత్త భవనంలోకి మారినప్పుడు బీరువాలు, కుర్చీలు తీసుకెళ్లి సాక్షుల బోనును మాత్రం వరండాలో వదిలేశారు. అందులో నిలబడిన మనిషి నోటి నుంచి తనకు నిజంగా తెలిసిందే వస్తుంది. తెలియనిది చెప్పబోతే పెదాలు కదులుతాయి గానీ గొంతు పలకదు. తెలిసీ అబద్ధమాడబోయినా అంతే. దానివల్ల కేసులు ముందే తేలిపోయి వకీళ్లు చిక్కి సగమయ్యారని, ఇక దాన్ని మోసుకెళ్లే ఓపిక ఎవరికీ లేకపోయిందని అంటారు. మాస్టారు దాన్ని బండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. నిలబడి చదివితే నిద్ర రాదని భార్యకు చెప్పాడు. అందులో నిలబడితే తను ఎలా కనబడతాడో చూసుకోవాలని ఉందని చెప్పలేదు.

భార్య కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్ష చేస్తుంది. రోజంతా "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా" అని అడిగీ అడిగీ, ఇంటికొచ్చాక ఎవరినీ ఏమీ అడగదు. ముందు గదిలో సగం ఆక్రమించిన బోనును చూసి, "తువ్వాళ్లు ఆరేసుకోవడానికి బాగుంటుంది" అంది. దాని ఉపయోగాలు మాస్టారి కంటే ఆవిడే ముందు కనిపెట్టింది. పైపు బాగుచేసే అతను వచ్చినప్పుడు మాటల్లో పెట్టి అందులో నిలబెట్టింది. "రేపు పొద్దున్నే వచ్చేస్తానమ్మా" అనబోయి అతను నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. చివరికి "గురువారం దాటాక చూద్దాం" అని ఉన్నమాట చెప్పి దిగాడు. ఆవిడ గురువారం దాకా నిశ్చింతగా బకెట్లు పెట్టుకుంది.

మొదటి రోజు మాస్టారు తెల్లవారుజామునే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బోనెక్కి, తన నోట్సు తెరిచాడు. పదకొండేళ్లుగా క్లాసులో కళ్లు మూసుకుని అప్పజెప్పే నోట్సు అది. మొదటి పేజీ చదవబోయాడు. గొంతు రాలేదు. రెండో పేజీ. రాలేదు. పదో పేజీ దాకా పెదాలు ఆడించాడు.

"మనసులో చదువుకుంటున్నారా?" అంది భార్య, తువ్వాలు తీసుకోవడానికి వచ్చి.

మాస్టారు తల ఊపాడు. తల ఊపడానికి బోనుకు అభ్యంతరం లేదు.

అలా పద్దెనిమిది రోజులు మనసులో చదువుకున్నాడు. బట్టీ పట్టింది బట్టీగానే ఉండిపోయింది, బయటికి రానంది. అప్పుడు ఆయన ఇంతకుముందెన్నడూ చేయని పని చేశాడు. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది ఎందుకిలా ఉంది, ఇలా లేకపోతే ఎవరికి నష్టం అని ఆలోచించాడు. పంతొమ్మిదో రోజు పొద్దున్న గది మధ్యలో ఆయన గొంతు ఖంగుమంది: "మైనరుతో రాయించుకున్న ఒప్పందం చెల్లదు."

"వినబడింది" అంది భార్య వంటింట్లోంచి.

హెల్మెట్ రావడం మొదలుపెట్టింది ఆ వారంలోనే. ఆమె ఆయన పాత శిష్యురాలు. పగలంతా బండి మీద పార్సిళ్లు ఇచ్చి సాయంత్రం లా చదివింది. క్లాసులో ఒళ్లో హెల్మెట్ పెట్టుకుని కూర్చునేది కాబట్టి అందరూ ఆ పేరుతోనే పిలిచారు, ఆమే ఒప్పేసుకుంది. ఇప్పుడు ఆమె కూడా అదే ఎంట్రన్సు రాస్తోంది. డ్యూటీకి వెళ్లేముందు ఆరున్నరకు వచ్చి గంటసేపు బోనులో నిలబడేది. మాస్టారు కుర్చీలో కూర్చుని తన నోట్సులోంచి అడిగేవాడు.

ఆ నోట్సు గురించి ఒక మాట చెప్పాలి. అది మాస్టారు చేత్తో రాసింది. ఎవరో ఒక కాపీ తీశారు, దాన్ని ఇంకొకరు తీశారు. పదకొండేళ్లలో ఊళ్లో జిరాక్సు షాపులన్నిటికీ చేరింది, ఆపైన ఫోన్లలోకీ ఎక్కింది. కాపీ మీద కాపీ పడి మాస్టారి పేరు ఎక్కడో చెరిగిపోయింది గానీ ఆయన ఉదాహరణలు మాత్రం చెరగలేదు. వాటిలో ఆయనకు ప్రాణం లాంటిది ఒంటె.

ఆ ఉదాహరణ ఇది. సర్కస్ మానేసిన ఒక మనిషి తన ఒంటెను అమ్ముతానని ఒక దంతవైద్యుడికి ఉత్తరం రాశాడు. దంతవైద్యుడు సోమవారం పొద్దున "సరే, కొంటాను" అని జవాబు రాసి పోస్టులో వేశాడు. మధ్యాహ్నానికి సర్కస్ మనిషికి ఒంటె మీద బెంగ పుట్టి, "అమ్మను" అని ఫోన్ చేశాడు. దంతవైద్యుడి ఉత్తరం మంగళవారం చేరింది. ఇప్పుడు ఒంటె ఎవరిది? సర్కస్ మనిషిదేనని మాస్టారి నోట్సు. ఉత్తరం చేరేదాకా ఒప్పందం లేదు, కాబట్టి మాట వెనక్కి తీసుకోవచ్చు.

హెల్మెట్ బోనులో నిలబడి, "ఉత్తరం చేరేదాకా..." అనబోయింది. పెదాలు కదిలాయి. శబ్దం లేదు.

"మళ్లీ చెప్పు."

మళ్లీ అంతే.

"వర్షాలకు చెక్క ఉబ్బింది" అన్నాడు మాస్టారు.

"చెక్క కాదేమో సార్." ఆ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. ఆమె చెంప గోక్కుంటూ ఆలోచించింది. "ఆ పళ్ల డాక్టరు తను చేయాల్సిందంతా చేసేశాడు కదా. రాశాడు, అంటించాడు, డబ్బాలో వేశాడు. ఇంక ఆయన చేతిలో ఏముంది? దారిలో నేను పంక్చరై కూర్చుంటే అది ఆయన తప్పా? అయితే ఒంటె డాక్టరుదే." ఆ చివరి మాట ఎంత గట్టిగా వచ్చిందంటే ఆమే కొంచెం వెనక్కి జరిగింది.

"చట్టం పార్సిళ్ల బండి కాదమ్మాయ్" అన్నాడు మాస్టారు. "పదకొండేళ్లుగా చెబుతున్నాను. తర్వాతి ప్రశ్న."

"ఏమో సార్, నాకు నోరు రావట్లేదు."

"పరీక్షలో నోటితో పనిలేదు. గళ్లు నింపితే చాలు."

పరీక్ష రోజు పెద్ద హాలు, వరసకు పది బల్లలు, గోడ గడియారం ఏడు నిమిషాలు వెనక. నలభై మూడో ప్రశ్న దగ్గర మాస్టారి కలం ఆగింది. అక్కడ ఒంటె ఉంది. సర్కస్ మనిషి ఉన్నాడు, దంతవైద్యుడు ఉన్నాడు, సోమవారం కూడా ఉంది. తన బిడ్డను ఊరేగింపులో చూసిన తండ్రిలా మాస్టారి ఛాతీ ఉబ్బింది. ఇటు తిరిగి, అటు తిరిగి, ఎవరికైనా చెబుదామని చూశాడు. పర్యవేక్షకుడు "ముందుకు చూడండి" అన్నాడు. ఆయన ముందుకు చూసి, ఒంటె సర్కస్ మనిషిదని గడి నింపాడు. రెండు వరసల అవతల హెల్మెట్ తన గడి తను నింపింది.

మూడు వారాలకు జవాబుల కీ వచ్చింది. దాంతోపాటే తాత్కాలిక జాబితా కూడా. ఉద్యోగస్తుల సాయంకాలపు బ్యాచిలో ముప్పై సీట్లు. ముప్పయ్యో పేరు మాస్టారిది. ముప్పై ఒకటో పేరు హెల్మెట్‌ది. తేడా ఒక్క మార్కు. నలభై మూడో ప్రశ్నకు కీలో ఇచ్చిన జవాబు: సర్కస్ మనిషి.

మాస్టారు ఆ సాయంత్రం వీధి వీధంతా చూసేలా నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఈ వార్త మామూలుగా చెప్పేది కాదని బోనెక్కాడు. భార్య చెప్పులు కూడా విప్పలేదు, అలాగే ఆగి వింది.

"నాకు సీటొచ్చింది" అన్నాడు. బాగా వినబడింది. "ముప్పయ్యోవాణ్ణి." అదీ వినబడింది. "చూశావా, కీ కూడా నేను చెప్పిందే..." అక్కడ గొంతు ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది.

"మిగతాది మనసులో చెప్పుకోండి, నేను స్నానానికెళ్తున్నా" అంది భార్య.

మాస్టారు బోను దిగాడు. ఎక్కాడు. మళ్లీ ప్రయత్నించాడు. అప్పుడు అలమరా పై అరలోంచి చట్టం పుస్తకం తీశాడు. నోట్సు కాదు, అసలు పుస్తకం. ఆయన దాన్ని చివరిసారి తెరిచి పదకొండేళ్లయింది. అందులో ఉన్నది మూడు లైన్లు. ఒప్పుకున్నవాడు జవాబును తన చేయి దాటించి పోస్టులో వేసిన క్షణం నుంచే, అమ్ముతానన్నవాడు ఆ ఒప్పందానికి కట్టుబడతాడు. ఇక వెనక్కి తీసుకోలేడు.

వేలు పెట్టి మూడుసార్లు చదివాడు. అక్షరాలు కదల్లేదు. ఒంటె దంతవైద్యుడిది. మొదటినుంచీ ఆయనదే. పదకొండేళ్లుగా, ఏడాదికి ముప్పై మంది ముందు, మాస్టారు దాన్ని పట్టుకెళ్లి సర్కస్ మనిషి గుంజకు కట్టేస్తూ వచ్చాడు. ప్రశ్న రాసినవాళ్లు కూడా ఆ నోట్సు చూసే రాశారు. ఇంత పెద్ద తప్పు ఇంత దూరం ప్రయాణం చేసి, ఆయనకు ఒక మార్కు తెచ్చిపెట్టింది.

కీ మీద అభ్యంతరాలకు మర్నాడు సాయంత్రం ఐదింటిదాకా గడువుంది.

ఆయన లెక్కలు వేసుకున్నాడు. ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే సీటు తనది, పాఠాలు తనవి, ఇంకో పదకొండేళ్లు సాయంత్రాలు తనవి. పెడితే ముప్పయ్యో పేరు మారుతుంది. హెల్మెట్ వయసెంత, ఇరవై ఆరు. ఆమెకు వచ్చే ఏడాది ఉంది, ఆ పై ఏడాదీ ఉంది. తనకు ప్రిన్సిపాల్ కిటికీ తప్ప ఏమీ లేదు. పైగా తను అబద్ధమేమీ ఆడక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఊరుకోవడం నేరమని ఏ సెక్షన్లోనూ లేదు. ఆ ధైర్యంతో పడుకున్నాడు. బాగానే నిద్రపట్టిందని పొద్దున భార్యతో అన్నాడు, బోను బయట నిలబడి.

ఏడున్నరకు మాస్టారు బోనులోకి వెళ్లి నిలబడ్డాడు. ఎందుకెక్కాడో చెప్పడం కష్టం. పరీక్ష అయిపోయినా పొద్దున్నే కాళ్లు అటే వెళ్లేవి. అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

హెల్మెట్ తలుపు దగ్గరే ఆగింది. కింద బండి స్టాండు వేసి ఉంది, దాని వెనక పెట్టె నిండా పార్సిళ్లు.

"లోపలికి రా, టీ తాగుదువు" అంది భార్య.

"వద్దక్కా, టైమ్ లేదు. సార్‌ని ఒక్క ముక్క అడిగి పోతాను." ఆమె మాస్టారి వైపు తిరిగింది. "సీటొచ్చింది కదా సార్, సంతోషం. నిజంగా సంతోషం. నాదొకటే సందేహం. ఆ ఒంటె ప్రశ్నకు నేను డాక్టరని పెట్టాను."

మాస్టారు రెయిలింగు పట్టుకున్నాడు.

"ఫోన్లో చూస్తే రెండు రకాలుగానూ ఉంది. సగం చోట్ల మీ నోట్సే ఉంది సార్, పేరు లేకుండా. లైబ్రరీకి సెలవులు. అభ్యంతరం పెడదామంటే పుస్తకంలో పేజీ జతచేయాలంట. తప్పుడు అభ్యంతరమైతే వచ్చే ఏడాది పరీక్ష రాయనివ్వరంట. బోనులో నోరొచ్చిందని వాళ్లకు రాయలేను కదా." ఆమె నవ్వింది, తర్వాత నవ్వలేదు. "మీరు చెప్పండి. కీ కరెక్టే అంటే వదిలేసి డ్యూటీకి పోతాను. వేరేవాళ్లనైతే అడిగేదాన్ని కాదు. నాకు కాంట్రాక్టు చట్టమంటే మీరే."

ఒక మార్కు తేడాతో కింద ఉన్న మనిషి, ఒక మార్కు తేడాతో పైన ఉన్న మనిషి దగ్గరికొచ్చి తీర్పు అడుగుతోంది. ఇలాంటి పొరపాటు లా చదివినవాళ్లు చేయరు. గురువు దగ్గర లా చదివినవాళ్లు చేస్తారు.

మాస్టారి బుర్ర చురుగ్గా పనిచేసింది. కీ కరెక్టని చెప్పలేడు, గొంతు రాదు. దానికంటే సులువైన దారి ఒకటుంది. జీవితమంతా కూడబెట్టి ఒక్కసారి కూడా ఖర్చుపెట్టని మాట. ఎంతమంది పెద్దమనుషులు రోజుకు పదిసార్లు అనడం లేదు? అది అనేస్తే ఆమె వెళ్లిపోతుంది. సాయంత్రం ఐదవుతుంది.

"నాకు తెలియదు" అన్నాడు మాస్టారు.

అన్నాననుకున్నాడు. పెదాలు కదిలాయి. ఇంకోసారి అన్నాడు. మూడోసారి మెడనరాలు పొంగేలా అన్నాడు. ఏమీ లేదు. నలభై నాలుగేళ్లకు మొదటిసారి ఆ మాట అనబోతే, ఆయనకు నిజంగా తెలిసిన రోజే అనబోయాడు.

హెల్మెట్ ఆయన నోటి వైపే చూస్తోంది. బోను సంగతి ఆమెకు బాగా తెలుసు. అయితే ఏ మాట ఆగిపోయిందో ఆమెకెలా తెలుస్తుంది?

"మనసులో చెప్పుకుంటారు, అదొక అలవాటు" అంది భార్య. అంది గానీ, టీ గిన్నె దించడం మానేసి మొగుడి వైపు చూస్తూ నిలబడిపోయింది. రోజంతా మనుషుల కళ్లల్లోకి చూసే ఉద్యోగం ఆవిడది.

మాస్టారు ఒక కాలు కిందికి దించాడు. నేల తగిలింది. రెండో కాలు కూడా దించితే ఆయన మామూలు మనిషి. మామూలు మనిషి ఏమైనా చెప్పొచ్చు.

"మెట్టు సార్, జాగ్రత్త." హెల్మెట్ గబుక్కున ముందుకొచ్చి ఆయన మోచేయి పట్టుకుంది. ఆయన తూలుతున్నాడనుకుంది. ఆమె చేతికి పార్సిళ్ల టేపు జిగురు అంటుకుని ఉంది.

ఒక కాలు నేల మీద, ఒక కాలు బోనులో. మాస్టారు అలాగే నిలబడి చెప్పాడు. గొంతు అంత పెద్దగా వస్తుందని ఆయనా అనుకోలేదు.

"ఒంటె డాక్టరుదే. కీ తప్పు. నా నోట్సు తప్పు. నువ్వు పెట్టింది ఒప్పు. పుస్తకం బల్ల మీదుంది, కాగితం గుర్తు పెట్టాను, ఫొటో తీసుకో."

ఆమె మోచేయి వదల్లేదు. లెక్క ఆమెకూ తెలుసు. "సార్, మరి మీ..."

"టైమ్ లేదన్నావు" అన్నాడు.

ఆమె ఫొటో తీసుకుంది. బల్ల దగ్గరే నిలబడి అభ్యంతరం పంపింది. పంపాక ఫోన్ జేబులో పెట్టుకుని, ఏదో అనబోయి, అనలేక, హెల్మెట్ పెట్టుకుంది. ఆమె బోనులో లేదు, అయినా గొంతు రాలేదు. మెట్లు దిగే చప్పుడు, బండి చప్పుడు వినబడ్డాయి.

"టీ పోయనా?" అంది భార్య.

"పోయ్" అన్నాడు.

వారానికి సవరించిన జాబితా వచ్చింది. హెల్మెట్ ఇరవై ఏడు. మాస్టారు ముప్పై ఆరు. ప్రిన్సిపాల్ కిటికీ వైపు చాలాసేపు చూసి, "మంచి ఉదాహరణండీ అది, ఒంటెది" అన్నాడు. మాస్టారు స్టాఫ్ రూం సొరుగు ఖాళీ చేసుకుని, నోటరీ ఆఫీసులో కాగితాలు రాసే పనికి కుదిరాడు. హెల్మెట్ సాయంత్రాలు క్లాసుకు వెళ్తోంది. కాంట్రాక్టు చట్టంలో ఏదైనా తిరకాసు వస్తే ఇప్పటికీ ఆయన్నే అడుగుతుంది. ఆయన ముందు పుస్తకం తెరుస్తాడు.

మొదటి నెలంతా ఆయన ఉత్తరాలు రాశాడు. కాలేజీ రిజిస్టర్ల నుంచి పదకొండేళ్ల శిష్యుల చిరునామాలు ఎత్తి రాసుకున్నాడు. మూడు వందల పన్నెండు. అన్నిట్లోనూ ఒకటే వాక్యం: నేను మీకు తప్పు చెప్పాను, ఒంటె దంతవైద్యుడిది. భార్య కవర్లు అంటించింది. కొందరు జవాబు రాశారు. ఒకాయన జడ్జీ అయ్యాడట, ఆ మాట తనకు ఎప్పుడో తెలుసని, చెబితే బాగుండదని ఊరుకున్నానని రాశాడు.

"ఆ పొద్దున్న ఆ పిల్ల మోచేయి పట్టుకోకపోతే దిగేసేవారా?" అని ఒకసారి భార్య అడిగింది. ఇంట్లో ఆవిడ అడిగిన ప్రశ్నలు తక్కువ కాబట్టి మాస్టారు దాన్ని తేలిగ్గా తీసుకోలేదు.

ఆ ఒక్కదానికి జవాబు మాత్రం ఆయన ఇంకా కనుక్కోలేదు. రెండో కాలు కూడా నేల మీద పడి ఉంటే ఏం చెప్పేవాడో ఆయనకు ఇవాళ్టికీ అంతుపట్టదు. "అయినా నిజమే చెప్పేవాణ్ణి" అని బోనులో నిలబడి అనబోయాడు. గొంతు రాలేదు. "చెప్పేవాణ్ణి కాదు" అని కూడా అనబోయాడు. అదీ రాలేదు.